దైనందిన ఆందోళన కవిత: లఘుచిత్ర అనుసరణ

నిర్వచనం, పరిధి

ఒక కవితను నేపథ్యంలో వినిపించే గొంతుగానో, తెరపై కనిపించే అక్షరాలుగానో, ఈ రెండూ లేకుండా దృశ్యాల అల్లికకు ఆధారంగా మాత్రమేనో స్వీకరించి నిర్మించిన చిత్రాన్ని కవితా చలనచిత్రం అంటారు. ఆస్కార్ పురస్కారాలనిచ్చే అమెరికన్ అకాడమీ పేర్లతో కలిపి 40 నిమిషాలకు మించని చిత్రాన్ని లఘుచిత్రంగా లెక్కిస్తుంది. కవితా చిత్రాలు మాత్రం ఆ హద్దు దరిదాపులకు పోవడం అరుదు, ఎక్కువ భాగం రెండు నిమిషాలకూ పదిహేను నిమిషాలకూ మధ్యనే ముగుస్తాయి. ఈ విస్తృత ప్రక్రియలో, రోజువారీ జీవితంలోని ఆందోళనను వస్తువుగా తీసుకున్న కవితలు తెరకెక్కిన తీరుకు ప్రత్యేకమైన చరిత్ర, ప్రత్యేకమైన చిక్కులు ఉన్నాయి.

దైనందిన ఆందోళన అన్నప్పుడు వైద్యులు నిర్ధారించే మానసిక రుగ్మతను కాక, ఏ జబ్బూ లేని మనిషిని కూడా రోజులో ఏదో ఒక వేళ పట్టుకునే గుబులును ఉద్దేశించాలి. ఇంటికి తాళం వేశామో లేదో, గ్యాస్ కట్టేశామో లేదో అని సగం దారిలో ఆగిపోవడం, పది మంది ఉన్న గదిలోకి ఒంటరిగా అడుగుపెట్టవలసి రావడం, రాత్రి వేళ ఫోన్ మోగగానే గుండె జారడం, నెలాఖరు లెక్క పదే పదే కూడుకోవడం ఇందులోకి వస్తాయి. ఇటువంటి కవితలో చెప్పుకోదగిన సంఘటన ఉండదు. అదే మాట మళ్లీ మళ్లీ వస్తుంది, చిన్న వస్తువు పెద్దదైపోతుంది, తీసుకున్న నిర్ణయం తీసుకున్న మరుక్షణమే వెనక్కి పోతుంది. కథ నడిపే చలనచిత్రానికి కారణం, దానికి ఫలితం, ఆ రెంటి మధ్య చర్య అవసరం కాబట్టి, ఏమీ జరగకపోవడమే వస్తువైన కవిత తెరకు ఎదురుతిరుగుతుంది. ఇంతవరకు వచ్చిన చిత్రాలలో నిలిచినవి కవితలోని ఊహాచిత్రాలను బొమ్మ కట్టడం మానుకొని, కవిత నడకను, అంటే అది ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ తొందరపడుతుందో, ఎక్కడ వెనక్కి తిరుగుతుందో ఆ క్రమాన్ని, పట్టుకున్నవే.

ఆధునిక కవిత్వంలో ఈ వస్తువుకు తొలి ప్రసిద్ధ ఉదాహరణగా చికాగో నుంచి వెలువడే ‘పొయెట్రీ’ పత్రికలో 1915 జూన్‌లో అచ్చయిన టి. ఎస్. ఎలియట్ ‘ప్రూఫ్రాక్ ప్రేమగీతం’ నిలుస్తుంది. విందుకు వెళ్లాలా, మాట్లాడాలా, మాట్లాడితే ఎదుటివారు ఏమనుకుంటారు అని తర్జనభర్జన పడే నడివయసు మనిషి స్వగతం అది. డబ్ల్యు. హెచ్. ఆడెన్ 1947లో ప్రచురించిన ‘ఆందోళనా యుగం’ అనే దీర్ఘ కావ్యం యుద్ధకాలపు న్యూయార్క్‌లో ఒక మద్యశాలలో కలిసిన నలుగురి మనసుల్లో సాగుతుంది. దానికి 1948లో పులిట్జర్ పురస్కారం లభించింది, లియొనార్డ్ బెర్న్‌స్టైన్ దాని ఆధారంగా తన రెండవ సింఫనీని కూర్చాడు. ఆ కావ్యం సంగీతానికీ, ఆ తరువాత నృత్యానికీ లొంగినంత సులువుగా తెరకు లొంగలేదు.

తొలి దశలు

మూకీ చిత్రాల కాలంలో కవితకు గొంతు లేదు, అక్షరం మాత్రమే ఉంది. పాల్ స్ట్రాండ్, చార్లెస్ షీలర్ 1921లో నిర్మించిన ‘మన్‌హట్టా’ న్యూయార్క్ నగర దృశ్యాల మధ్య వాల్ట్ విట్మన్ పంక్తులను ఇంటర్‌టైటిళ్లుగా, అంటే దృశ్యానికీ దృశ్యానికీ మధ్య పలకల మీద చూపే రాతగా, వాడుకుంది. విట్మన్ నగరాన్ని చూసి పొంగిపోయిన కవి. అయితే చాలా ఎత్తు నుంచి తీసిన ఆ షాట్లలో మనుషులు చీమల బారుల్లా కనిపించడం వల్ల, అక్షరంలో ఉన్న సంబరానికీ దృశ్యంలో ఉన్న అల్పత్వానికీ మధ్య, దర్శకులు ఉద్దేశించారో లేదో గానీ, ఒక ఎడం ఏర్పడింది. మాటా దృశ్యమూ వేర్వేరు దిక్కులకు పోతే ఆ ఖాళీలో మూడో భావం పుడుతుందని తరువాతి తరం నేర్చుకున్న పాఠానికి ఇది తొలి సూచన. రాబేర్ డెస్నోస్ కవిత ఆధారంగా మాన్ రే 1928లో తీసిన ‘నక్షత్ర మత్స్యం’లో చాలా భాగం మసక అద్దం గుండా చూసినట్టు ఉంటుంది, మనుషులు కదులుతారు గానీ ముఖాలు తేటపడవు. కళ్లకు కనబడుతున్నది నమ్మదగినదో కాదో తెలియని స్థితిని కటకం ముందు ఉంచిన అద్దంతోనే సాధించిన ఈ పద్ధతి, ఆందోళనను చూపడానికి నేటికీ వాడుకలో ఉన్న మసక దృశ్యాలకు మూలరూపం.

ధ్వని వచ్చిన తరువాత, శబ్దం దృశ్యంతో ఎలా నడవాలన్న ప్రశ్న తలెత్తింది. సోవియట్ దర్శకులు ఐజెన్‌స్టైన్, పుడోవ్‌కిన్, అలెగ్జాండ్రోవ్ 1928లోనే ఒక ప్రకటనలో, శబ్దం దృశ్యాన్ని అంటిపెట్టుకొని ఉంటే కూర్పు కళ దెబ్బతింటుందని, రెండూ ఎదురెదురుగా నడవాలని వాదించారు. బ్రిటిష్ తపాలా శాఖ చిత్ర విభాగం 1936లో విడుదల చేసిన ‘నైట్ మెయిల్’ ఈ ప్రశ్నకు మరో జవాబునిచ్చింది. హ్యారీ వాట్, బాసిల్ రైట్ దర్శకత్వం వహించిన ఈ చిత్రం లండన్ నుంచి స్కాట్లండ్‌కు ఉత్తరాలు మోసుకుపోయే రాత్రి రైలు గురించినది. చివరి భాగం కోసం ఆడెన్ రాసిన పద్యం రైలు చక్రాల లయకు సరిపడేలా సాగుతుంది, బెంజమిన్ బ్రిటెన్ సంగీతం దానితో కలుస్తుంది. ఇక్కడ క్రమం తిరగబడింది: చిత్రం కవితకు కాక, కవితే చిత్రానికి తగినట్టు ఒదిగింది. రైలు ఉత్సాహాన్ని గుర్తుపెట్టుకునేవారు ఎక్కువే గానీ, పద్యం ముగిసేది తపాలా బంట్రోతు తలుపు తట్టే క్షణం కోసం ఎదురుచూసేవారి గుబులు మీద, తనను లోకం మరిచిపోయిందేమో అన్న శంక మీద. ప్రభుత్వ శాఖ ప్రచారం కోసం తీసిన చిత్రం ఆ మాట మీద ఆగడం విశేషమే.

నిలువు, అడ్డం: మాయా డెరెన్ సిద్ధాంతం

ఈ విషయానికి సిద్ధాంతపు పునాది వేసిన వ్యక్తి మాయా డెరెన్. భర్త అలెగ్జాండర్ హమీద్‌తో కలిసి ఆమె 1943లో తీసిన ‘మెషెస్ ఆఫ్ ది ఆఫ్టర్‌నూన్’ నిడివి 14 నిమిషాలు. అది ఏ కవితకూ అనుసరణ కాకపోయినా, ఆందోళన కవితను తెరకెక్కించదలచినవారందరూ ఏదో ఒక దశలో చూసే చిత్రం. ఒక ఇల్లు, మెట్లు, తాళంచెవి, రొట్టె కోసే కత్తి, కింద పెట్టి ఉన్న ఫోన్ రిసీవర్: అందులోని ముఖ్య సామగ్రి ఇదే. అదే మధ్యాహ్నం, అదే నడక, అవే మెట్లు మళ్లీ మళ్లీ వస్తాయి, వచ్చిన ప్రతిసారీ ఏదో ఒక వస్తువు చోటు మారి ఉంటుంది. భయపెట్టేది కత్తి కాదు; ఇందాక రొట్టెలో ఉన్నది ఇప్పుడు మెట్ల మీద ఎందుకు ఉన్నదన్న ప్రశ్న.

1953 అక్టోబరులో న్యూయార్క్‌లోని ‘సినిమా 16’ అనే ఫిల్మ్ సొసైటీ కవిత్వమూ చలనచిత్రమూ అన్న అంశంపై ఏర్పాటు చేసిన చర్చలో డెరెన్‌తో పాటు కవి డిలన్ థామస్, నాటక రచయిత ఆర్థర్ మిల్లర్, విమర్శకుడు పార్కర్ టైలర్ పాల్గొన్నారు. నాటకం ఒక సంఘటన నుంచి మరో సంఘటనకు అడ్డంగా సాగుతుందని, కవిత్వం ఒకే క్షణంలోకి నిలువుగా దిగి దాని లోతును, దాని చుట్టూ అల్లుకున్న భావాలను పరిశీలిస్తుందని ఆమె ప్రతిపాదించింది. డిలన్ థామస్ ఈ నిలువు, అడ్డం మాటలను ఎగతాళి చేశాడు, సభ నవ్వింది. కాలం గడిచాక మిగిలింది మాత్రం డెరెన్ మాటే. ముందుకు సాగే కథ లేని, ఒకే క్షణం చుట్టూ తిరిగే ఆందోళన కవితకు ఈ నిలువు దిగుడు అన్న భావన సరిగ్గా అతుకుతుంది; అటువంటి కవితను కథగా సాగదీసి, దానికొక కారణం కల్పించి, చివరికొక పరిష్కారం తగిలించే అనుసరణలు ఎందుకు తేలిపోతాయో కూడా దీనివల్ల అర్థమవుతుంది.

ఆమెకు ముందే, 1916లో, మనస్తత్వ శాస్త్రవేత్త హ్యూగో మున్‌స్టర్‌బర్గ్ తన ‘ది ఫోటోప్లే’ గ్రంథంలో క్లోజప్‌ను, అంటే వస్తువును లేదా ముఖాన్ని తెర నిండా చూపే సమీప దృశ్యాన్ని, మనసులోని అవధానానికి బాహ్యరూపంగా వివరించాడు. ఆందోళన చాలావరకు అవధానం చెదరడమే: చూడవలసినది చూడకుండా, చూడనక్కరలేని దాని మీదే దృష్టి అతుక్కుపోవడం. ఎదుటి మనిషి మాట్లాడుతుండగా కెమెరా అతని చొక్కా బొత్తాము మీద నిలిచిపోతే, సంభాషణలో ఒక్క మాట కూడా చెప్పకుండానే వింటున్నవారి మనసు ఎక్కడ ఉన్నదో ప్రేక్షకునికి తెలుస్తుంది.

ఇటాలియన్ కవి, దర్శకుడు పసోలినీ 1965లో పెసారో చిత్రోత్సవంలో చదివిన ‘కవిత్వ సినిమా’ అనే ప్రసంగ వ్యాసం ఈ ఆలోచనను మరో అడుగు ముందుకు తీసుకుపోయింది. పాత్ర మనఃస్థితిని దర్శకుడు తన చూపులోకి అరువు తెచ్చుకొని, లోకాన్నంతటినీ ఆ మనఃస్థితి రంగులోనే చూపగలడని అతడు అన్నాడు. అందుకు ఉదాహరణగా తీసుకున్న చిత్రాలలో ముఖ్యమైనది ఆంటోనియోనీ తీసిన ‘ఎర్ర ఎడారి’ (1964). రవెన్నా పారిశ్రామిక ప్రాంతంలో కలతపడ్డ మనసుతో తిరిగే గృహిణి జులియానా కథ అది. ఆమెకు కనిపించే లోకం కోసం దర్శకుడు గడ్డికీ చెట్లకూ కూడా రంగు వేయించాడు. పూర్తి నిడివి చిత్రమే అయినా లఘుచిత్ర నిర్మాతలు దీని నుంచి తీసుకున్నది ఎక్కువ: పాత్ర వణకనక్కరలేదు, ఆమె చుట్టూ ఉన్న గోడ రంగు తేడాగా ఉంటే చాలు.

అనుసరణ తీరు

కవితను తెరకెక్కించే పని సాధారణంగా స్క్రిప్టుతో కాక పఠనంతో మొదలవుతుంది. ముప్పై పాదాల వచన కవితను తొందర లేకుండా చదివితే రెండు మూడు నిమిషాలకు మించదు. చిత్రం నిడివి అంతకు రెట్టింపు ఉంటే మిగతా కాలమంతా మాట లేని దృశ్యానికీ శబ్దానికీ చెందుతుంది. ఆ మౌనాన్ని కవితలో ఎక్కడెక్కడ పంచాలన్నదే అసలు నిర్ణయం. పాదాంతంలోని విరుపు చోట కట్ వేయడం, అంటే షాటు మార్చడం, కొత్తవారు మొదట చేసే పని. అలా చేస్తే ప్రతి పాదానికీ ఒక బొమ్మ చొప్పున చిత్రం పలకల వరుసగా మారుతుంది, ఆందోళన ఆవిరైపోతుంది. పాదం మధ్యలో దృశ్యం మారి, పాదం ముగిసినా దృశ్యం మారకుండా నిలిచి ఉంటే, వినేదానికీ చూసేదానికీ జత కుదరక ప్రేక్షకుడు తెలియకుండానే అసహనపడతాడు. కవితకు కావలసిందీ ఆ అసహనమే.

మాటకూ దృశ్యానికీ ఉన్న సంబంధాన్ని మూడు రకాలుగా గుర్తించవచ్చు. కవిత గడియారం అన్నప్పుడు తెరపై గడియారం కనిపించడం మొదటిది, దీనిని యథాతథ చిత్రణ అంటారు. ఇది చాలావరకు పునరుక్తి, తక్కిన రెంటితో పోలిస్తే బలహీనం. అలెన్ గిన్స్‌బర్గ్ కవిత చుట్టూ అల్లిన ‘హౌల్’ (2010) చిత్రంలోని యానిమేషన్ భాగాలు ఈ లోపానికే విమర్శకు గురయ్యాయి. రెండోది కవిత ఒకటి చెబుతుండగా దృశ్యం మరొకటి చూపే ప్రతిముఖ పద్ధతి. మూడోది కవితలోని లయను మాత్రమే తీసుకొని మాటలను వదిలేయడం, ఇది అన్నిటికన్నా అరుదు, అన్నిటికన్నా కష్టం.

రెండో పద్ధతికి రష్యన్ దర్శకుడు తార్కోవ్‌స్కీ ‘అద్దం’ (1975) కన్నా మంచి ఉదాహరణ దొరకదు. స్టాలిన్ కాలంలో అచ్చుకూటంలో ప్రూఫులు దిద్దే ఉద్యోగిని, తాను వదిలేసిన ఒక అచ్చుతప్పు ఈపాటికి ముద్రణకు పోయిందేమోనన్న భయంతో వానలో తడుస్తూ పరుగెత్తుకు వస్తుంది. ప్రూఫు చూసుకుంటే తప్పు లేదు. ఊరటతో ఆమె పొడవైన వసారా గుండా నడిచిపోతుండగా, దర్శకుని తండ్రి, కవి అర్సేనీ తార్కోవ్‌స్కీ తన సొంత గొంతుతో చదివిన కవిత వినిపిస్తుంది. కవిత ప్రియురాలి కోసం ఎదురుచూడటం గురించినది. అచ్చుతప్పు ఊసే అందులో లేదు. అయినా ఉద్యోగ భయం, విరహం ఆ వసారాలో ఒక్కటైపోతాయి. ఒకే అక్షరం పొరపాటు మనిషి బతుకును తలకిందులు చేయగల కాలాన్ని ఇంత క్లుప్తంగా చెప్పిన దృశ్యం అరుదు. కవితను దృశ్యానికి వివరణగా వాడి ఉంటే ఇది సాధ్యమయ్యేది కాదు.

గొంతు విషయంలోనూ ఎంపికలున్నాయి. కవి స్వయంగా చదివితే నమ్మకం కలుగుతుంది, నటుడు చదివితే స్పష్టత వస్తుంది. భావాన్ని పొంగించే పఠనం మాత్రం ఆందోళనకు సరిపడదు. నిజంగా కంగారుపడుతున్న మనిషి దానిని కప్పిపుచ్చడానికే చూస్తాడు కాబట్టి, నిదానంగా, దాదాపు పొడిగా చదివిన గొంతే ఎక్కువగా పనిచేస్తుంది. అమెరికా ఆస్థాన కవిగా 2001 నుంచి 2003 వరకు పనిచేసిన బిల్లీ కాలిన్స్ కవిత ‘మతిమరుపు’కు జూలియన్ గ్రే చేసిన యానిమేషన్ ఇందుకు నిదర్శనం. చదివిన పుస్తకం రచయిత పేరుతో మొదలై ఒక్కొక్కటే మనసులోంచి జారిపోవడం గురించిన ఆ కవితను కాలిన్స్ నవ్వూ ఏడుపూ లేని స్వరంతో చదువుతాడు. ప్రేక్షకుడు మొదట నవ్వి, తరువాత తన సంగతి తలచుకొని ఆగిపోతాడు.

మాట ఆగినచోట శబ్దం పని మొదలుపెడుతుంది. ఏ గదికైనా దానిదైన నిశ్శబ్దం ఉంటుంది; ఫ్రిజ్ హోరు, ఫ్యాను చప్పుడు, దూరపు వాహనాల రొద కలిసిన ఆ నేపథ్య ధ్వనిని రూమ్ టోన్ అంటారు, చిత్రీకరణ ముగిశాక అందరినీ మౌనంగా ఉండమని కాసేపు విడిగా రికార్డు చేసుకుంటారు. చప్పుళ్లను తరువాత స్టూడియోలో చేతులతోనూ వస్తువులతోనూ పుట్టించి దృశ్యానికి జతచేసే పనిని ఫోలీ అంటారు. కుళాయి చుక్క, మెట్ల మీద చెప్పుల చప్పుడు, కుక్కర్ విజిల్ ఉండవలసిన దానికన్నా కొంచెం పెద్దగా వినిపిస్తే రోజూ వినే శబ్దమే బెదిరింపుగా మారుతుంది. భయానక చిత్రాల నుంచి అరువు తెచ్చిన నేపథ్య సంగీతం ఈ పని చేయదు సరికదా, పాడు చేస్తుంది; సంగీతం భయపడమని ముందే చెప్పేస్తే ప్రేక్షకుడికి ఇక తనంతట తాను కలతపడే అవకాశం ఉండదు.

‘హౌ టు బీ అలోన్’

దైనందిన ఆందోళన కవితకు లఘుచిత్ర రూపంగా ప్రపంచవ్యాప్తంగా ఎక్కువ మందికి చేరినవాటిలో కెనడాలో నిర్మించిన ‘హౌ టు బీ అలోన్’ ఒకటి. కవయిత్రి, గాయని తాన్యా డేవిస్ రాసిన కవితను హాలిఫాక్స్ నగరానికి చెందిన దర్శకురాలు ఆండ్రియా డార్ఫ్‌మన్ 2009లో సుమారు నాలుగున్నర నిమిషాల చిత్రంగా మలిచింది. 2010లో యూట్యూబ్‌లో పెట్టాక లక్షలాది మంది చూశారు, 2013లో అది బొమ్మల పుస్తకంగా కూడా వచ్చింది.

నలుగురిలో ఒంటరిగా కనబడటానికి మనిషి పడే బిడియం ఈ కవిత వస్తువు. ఎదుటివారితో నేరుగా మాట్లాడుతూ, సలహాలిచ్చే ధోరణిలో సాగుతుంది. నిర్మాణం తేలికగా కనిపించినా నిజానికి మెట్లు కట్టినట్టు ఉంటుంది: ఒంటరిగా ఉండటం ఎవరూ పట్టించుకోని చోట్లతో, అంటే కాఫీ దుకాణం, గ్రంథాలయం వంటి వాటితో, మొదలై, ఒంటరివారిని జనం తేరిపార చూసే రెస్టారెంటు బల్ల, సినిమా హాలు, నృత్యశాల దాకా ఒక్కొక్క అంచె పెరుగుతుంది. భయపడే పనిని చిన్న మోతాదుల్లో అలవాటు చేసుకుంటూ పోవడం మానసిక చికిత్సలో తెలిసిన పద్ధతే; కవిత దానిని ఆ పేరు ఎత్తకుండా చేసి చూపుతుంది.

డార్ఫ్‌మన్ చేసిన మంచి పని, ఈ చోట్లన్నిటికీ కవయిత్రినే తీసుకుపోవడం. తెరపై కనిపించే డేవిస్ నటించదు. కూర్చుంటుంది, నడుస్తుంది, కెమెరా వంక చూస్తుంది. గొంతు ధైర్యం చెబుతుంటే శరీరం మాత్రం కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది, ఆ తేడా వల్లనే సలహాలు ఉపన్యాసం కాకుండా పోయాయి. నిజ దృశ్యాల మధ్య అక్కడక్కడా గీసిన యానిమేషన్ వస్తుంది. ఇందులో యథాతథ చిత్రణ పాలు ఎక్కువే: కవిత ఏ చోటు అంటే ఆ చోటే కనిపిస్తుంది. పైన చెప్పిన ప్రమాణాన్ని బట్టి ఇది విఫలం కావలసింది. కాలేదు, ఎందుకంటే ఇక్కడి మాటలు ఊహాచిత్రాలు కావు, సూచనలు, సూచనను పాటించి చూపడం పునరుక్తి కిందికి రాదు.

కోవిడ్ మహమ్మారి కాలంలో, 2020లో, ఇద్దరూ మళ్లీ కలిసి కెనడా జాతీయ చిత్ర మండలి కోసం ‘హౌ టు బీ ఎట్ హోమ్’ నిర్మించారు. మొదటి చిత్రం వెళ్లమన్న చోట్లు చాలావరకు మూతపడిన సమయంలో వచ్చిన ఈ రెండో చిత్రం పూర్తిగా యానిమేషన్. బయటికి వెళ్లి చిత్రీకరించలేని పరిస్థితి కారణమైనా, ఇంట్లో చిక్కిన మనసు కోసం బొమ్మలు గీయడం తప్ప మరో దారి లేకపోవడం వస్తువుకు అతికింది. రెండింటినీ వరుసగా చూస్తే మొదటిదే గట్టిదనిపిస్తుంది; రెండోదానికి సందర్భం ఇచ్చిన బలం ఎక్కువ.

కెనడాకే చెందిన కవి షేన్ కోయ్‌జాన్ బడిలో ఎదుర్కొన్న వేధింపుల గురించి రాసిన ‘టు దిస్ డే’ 2013లో పదుల సంఖ్యలో యానిమేటర్లు తలా ఒక చిన్న ముక్క చేసి పంపగా చిత్రమైంది. క్షణక్షణానికీ గీత తీరు మారిపోవడం మొదట గజిబిజిగా తోచినా, ఒకే గాయాన్ని ఇందరు తమదిగా గుర్తించారన్న సంగతిని అది మాటల్లేకుండా చెప్పింది.

ఇటువంటి చిత్రాలకు వేదికలు కూడా ఏర్పడ్డాయి. బెర్లిన్‌లో 2002లో మొదలైన జీబ్రా కవితా చిత్రోత్సవం వాటిలో ముఖ్యమైనది. భారతదేశంలో ఢిల్లీ కేంద్రంగా ‘సాధో’ సంస్థ కవితా చిత్రాల ప్రదర్శనలు నిర్వహించింది.

భారతీయ, తెలుగు సందర్భం

భారతదేశంలో ఈ వస్తువు లఘుచిత్రం కన్నా ముందు పూర్తి నిడివి చిత్రాల్లోకే ప్రవేశించింది. హిందీ కవి ముక్తిబోధ్ రచనల ఆధారంగా మణి కౌల్ 1980లో తీసిన ‘సతహ్ సే ఉఠ్‌తా ఆద్మీ’ మధ్యతరగతి మేధావి లోలోపలి పెనుగులాటను కథ లేకుండా చెప్పడానికి చేసిన గంభీర ప్రయత్నం. గోవింద్ నిహలానీ ‘అర్ధ్ సత్య’ (1983)లో దిలీప్ చిత్రే కవితను పోలీసు ఉద్యోగి పాత్ర ఒక పుస్తకంలోంచి బిగ్గరగా చదువుతుంది. మామూలుగా మొదలైన పఠనం సాగేకొద్దీ అతని ముఖం మారిపోతుంది. కవితను చిత్రం బయట నుంచి వినిపించక, పాత్ర చేతిలో పెట్టి, అది అతనికి తగిలే క్షణాన్ని చూపడం లఘుచిత్రకారులు నేర్చుకోదగిన ఉపాయం.

తెలుగు ప్రేక్షకులకు ఈ ఉపాయం అంతకు ముందే పరిచయం. బాలచందర్ ‘ఆకలి రాజ్యం’ (1981)లో ఢిల్లీలో ఉద్యోగం దొరకక తిరిగే యువకుడు శ్రీశ్రీ కవితలను ఆవేశంగా చదువుతాడు. అదే కథ తమిళ రూపం ‘వరుమైయిన్ నిరం సివప్పు’లో భారతి కవితలు వినిపిస్తాయి. అయితే అక్కడ కవిత చేసే పని గుబులును కోపంగా మార్చడం. తెలుగు తెర మీద కవితకు ఆ తరువాత కూడా ఎక్కువగా అప్పగించిన పని అదే, వేదిక మీది ఆవేశం. గొంతు తగ్గించి చదివే కవితకు తెరపై చోటు దొరకడం తక్కువ. ఇది కవిత్వం లోపం కాదు, తెలుగులో అటువంటి కవిత్వం పుష్కలంగా ఉంది. ఆలూరి బైరాగి (1925–1978) ‘నూతిలో గొంతుకలు’లో అర్జునుడు, హామ్లెట్, దోస్తోయెవ్‌స్కీ సృష్టించిన రాస్కల్నికోవ్ గొంతులతో, చేయాలా వద్దా అన్న సందేహాన్ని స్వగతాలుగా మలిచాడు, అంతరంగ స్వగతం కాబట్టి నేపథ్య స్వరానికి అది సహజంగా సరిపోతుంది. ‘స్వప్నలిపి’కి 1997లో సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన అజంతా కవిత్వంలో నగర జీవితపు భయం పీడకల రూపంలో ఉంటుంది, కాబట్టి దానిని యథాతథంగా బొమ్మ కట్టాలన్న ప్రలోభాన్ని మొదటే జయించవలసి ఉంటుంది.

తెలుగు కవితను తెరకెక్కించడంలో భాష తెచ్చిపెట్టే సాంకేతిక చిక్కులు కొన్ని ఉన్నాయి. తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది. ఏమైందన్నది పాదం ముగిసేదాకా తేలదు, ఆందోళన కవితకు ఈ నిరీక్షణ పెద్ద ఆస్తి. ఆంగ్ల సబ్‌టైటిల్ మాత్రం క్రియను ముందే బయటపెడుతుంది, గొంతు ఇంకా సగంలో ఉండగానే పరభాషా ప్రేక్షకుడు ముగింపు చదివేస్తాడు. అందుచేత పొడవైన పాదానికి ఒకే సబ్‌టైటిల్ ఇవ్వక రెండు మూడు ముక్కలుగా విడగొట్టి గొంతు వెంట విడుదల చేయాలి. కవితను అక్షరాలుగా చూపదలచినప్పుడు లిపి అడ్డుపడుతుంది: వత్తులు గీత కిందికీ, గుడులు పైకీ పోతాయి కాబట్టి రోమన్ లిపికి సరిపోయే వరుసల ఎడం తెలుగుకు చాలదు, సన్నని అక్షరాలు కదిలే దృశ్యం మీద చదవడానికి రావు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో భారతీయ లిపుల అమరిక సరిగా లేకపోతే సంయుక్తాక్షరాలు విడిపోయి కనిపిస్తాయి; తుది ప్రతి తీసేముందు భాష తెలిసినవారు ప్రతి అక్షరాన్నీ చూడటం తప్పనిసరి. జిమ్ జార్ముష్ ‘ప్యాటర్సన్’ (2016)లో రాన్ ప్యాజెట్ కవితలు చేతిరాతలో తెరపై ఒక్కొక్క మాటగా కనిపించే పద్ధతి తెలుగుకూ బాగా నప్పుతుంది, ఎందుకంటే చేతిరాతకు అచ్చు అక్షరాల అమరిక చిక్కులేవీ ఉండవు.

హక్కులు

భారత కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం సాహిత్య రచన ఆధారంగా చలనచిత్రం నిర్మించే హక్కు రచయితది, అతని తరువాత వారసులది లేదా హక్కులు పొందినవారిది. నిడివి ఎంత తక్కువైనా, డబ్బు కోసం తీయకపోయినా, నలుగురిలోకి వెళ్లే చిత్రానికి అనుమతి రాతపూర్వకంగా తీసుకోవడం ఉత్తమం. ఆ అనుమతిలో కవితను పూర్తిగా వాడతారా, కుదిస్తారా, పఠనం ఎవరిది, అంతర్జాలంలో ఉంచవచ్చా అన్నవి విడివిడిగా ఉండాలి, ఎందుకంటే రచయిత గౌరవానికి భంగం కలిగేలా రచనను మార్చకుండా అదే చట్టంలోని 57వ సెక్షన్ రక్షణ ఇస్తుంది. రచయిత జీవితకాలంలో ప్రచురితమైన రచనకు అతను మరణించిన మరుసటి ఏడాది మొదటి నుంచి 60 ఏళ్ల వరకు హక్కు నిలుస్తుంది. ఈ లెక్కన 1915లో మరణించిన గురజాడ రచనలు ఎవరైనా వాడుకోవచ్చు; 1965లో మరణించిన ఎలియట్ జీవితకాలంలో అచ్చయిన రచనలకు భారతదేశంలో గడువు 2025 చివరితో ముగిసింది; బైరాగి ‘నూతిలో గొంతుకలు’కు 2038 చివరి వరకు, 1983లో మరణించిన శ్రీశ్రీ ‘మహాప్రస్థానం’కు 2043 చివరి వరకు హక్కుదారుల అనుమతి తప్పనిసరి.